పాట ఒకటే, రికార్డులు రెండు

1968లో అమెరికాలో పాపీ రికార్డ్స్ అనే చిన్న కంపెనీ ఒక ఎల్.పి. రికార్డు విడుదల చేసింది. దాని పేరు 'ఫర్ ది సేక్ ఆఫ్ ది సాంగ్'. మన భాషలో 'పాట కోసమే' అనుకుందాం. పాటలు కట్టిందీ, పాడిందీ టౌన్స్ వాన్ జాంట్ అనే టెక్సాస్ యువకుడు. అప్పటికి అతని వయస్సు యిరవై నాలుగేళ్లు. ఆ దేశపు పల్లెపట్టు సంగీతమూ, కథలు చెప్పే పాత జానపద గేయాల ధోరణీ, నల్లజాతి గాయకుల బ్లూస్ పోకడా కలిసిన బాణీ అతనిది. కంట్రీ ఫోక్ అంటారు దాన్ని.

రికార్డు వచ్చి అర్ధ శతాబ్దం దాటిపోయింది. పాడినవాడు 1997 జనవరి 1న, యాభై రెండేళ్లకే కన్నుమూశాడు. అయినా ఆ మొదటి రికార్డు గూర్చి శ్రోతలు యింతవరకు ఒక మాట మీదికి రాలేదు. మంచి పాటలను చేజేతులా చెడగొట్టిన రికార్డని కొందరంటారు. కాదు, అతని రికార్డులన్నిటిలోకి వింతైన అందం దానిదేనని మరికొందరంటారు. విశేషమేమంటే, యీ రెండు పక్షాలలోనూ చాలామంది పాటలు మంచివనే వొప్పుకుంటారు. తగువంతా పాటలకు తొడిగిన దుస్తుల గూర్చి.

యెక్కడో టెక్సాస్ గొడవ మన సంచికలో యెందుకని అడిగే మిత్రులుంటారు. మన వార్షికోత్సవాల్లో లలిత సంగీతం పోటీ పెట్టడానికి కూర్చున్న ప్రతి కమిటీలోనూ యిదే తగువు వస్తుంది గనుక. తంబురా, తబలా చాలునని ఒక పక్షం. కీబోర్డు లేకపోతే హాల్లో యెవడు కూర్చుంటాడని యింకో పక్షం. ఆ తగువు యెన్నటికీ తేలదు. అదే మనిషి అదే పాటను రెండు విధాలా పాడి మనకు వినిపించడు కదా! టౌన్స్ విషయంలో ఆ సదుపాయం వుంది. మొదటి రికార్డులోని పాటలు ఆరింటిని అతనే నాలుగేళ్ల లోపల మళ్లీ రికార్డు చేశాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని వినవచ్చు. ఫిజిక్స్ విద్యార్థిని కాబట్టి నాకీ పోలిక మీద మక్కువ కలిగిందంటే మా లాబొరేటరీ వాళ్లు నవ్వరనుకుంటాను.

ముందు మనిషిని గూర్చి నాలుగు మాటలు. టౌన్స్ 1944 మార్చి 7న ఫోర్ట్ వర్త్ నగరంలో పుట్టాడు. కలిగిన కుటుంబం. టెక్సాస్‌లో వాళ్ల యింటిపేరు పెట్టిన కౌంటీయే ఒకటుంది. 1956 క్రిస్మస్‌కు తండ్రి అతనికి గిటారు కొనిపెట్టాడు. పిల్లవాడు పెద్దవాడై కొలరాడోలో కాలేజీలో చేరాడు. అక్కడ తాగుడు ముదిరింది, దిగులు ముదిరింది. తల్లిదండ్రులు భయపడి వెనక్కు తీసుకొచ్చి 1964లో ఆసుపత్రిలో చేర్చారు. ఆ రోజుల్లో యిన్సులిన్ యెక్కించి రోగిని స్పృహ తప్పించే వైద్యం ఒకటుండేది. అది చేశారు. దానితో అతని చిన్ననాటి జ్ఞాపకాలు చాలావరకు చెరిగిపోయాయి. కొడుక్కి ఆ వైద్యం చేయించినందుకు ఆ తల్లి బ్రతికినన్నాళ్లూ కుమిలిందంటారు.

ఆ తర్వాత హ్యూస్టన్‌లో న్యాయశాస్త్రం చదవబోయి, మానేసి, చిన్న చిన్న క్లబ్బుల్లో పాడసాగాడు. లైట్నిన్ హాప్కిన్స్ అనే బ్లూస్ గాయకుడు అతనికి గురువులాంటివాడు. ఒక గిటారు, ఒక గొంతు, యెదుట కాస్తమంది మనుషులు. అతని పాట పుట్టిన చోటు అది. మికీ న్యూబరీ అనే పాటల రచయిత అక్కడ అతన్ని విని, యీ కుర్రవాడు యిక్కడ వుండవలసినవాడు కాదని నాష్‌విల్ తీసుకెళ్లి జాక్ క్లెమెంట్‌కు అప్పజెప్పాడు.

మొదటి రికార్డును తిట్టేవాళ్లు క్లెమెంట్‌ను పాట గుట్టు తెలియని వ్యాపారిగా చూపిస్తారు. అది అన్యాయం. మెంఫిస్‌లో సన్ స్టూడియోలో పనిచేసి, జెరీ లీ లూయిస్‌ను రికార్డు చేసిన చెయ్యి అది. 1963లో జానీ క్యాష్ పాడిన 'రింగ్ ఆఫ్ ఫైర్'లో మెక్సికన్ మారియాచీ బాకాలను కూర్చిన వాడు క్లెమెంటే. కంట్రీ పాటలో బాకాలేమిటని అప్పట్లో యెవరైనా ముక్కు మీద వేలేసుకునేవారే. ఆ పాట దేశమంతా మోగింది. ఒకసారి అలంకారం అంతగా ఫలించినవాడు మరోసారి అలంకరించబోతే వింతేముంది?

పైగా అది నాష్‌విల్ ఆచారం. 1950ల మధ్యలో రాక్ అండ్ రోల్ వచ్చి కుర్రకారును ఎత్తుకుపోయింది. కంట్రీ సంగీతం చచ్చిపోతుందని కంపెనీలు బెంగపెట్టుకున్నాయి. అప్పుడు చెట్ యాట్కిన్స్, ఓవెన్ బ్రాడ్లీ వంటి నిర్మాతలు ఒక ఉపాయం పన్నారు. పల్లె వాసన కొట్టే ఫిడేలునూ, స్టీల్ గిటారునూ వెనక్కు నెట్టి, వయొలిన్ల బృందాన్నీ, మెత్తని వంతపాట గొంతుల్నీ ముందుకు తెచ్చారు. పట్నవాసపు రేడియో శ్రోతలు దానికి లొంగిపోయారు. నాష్‌విల్ సౌండ్ అని పేరు పడింది. మన వాళ్లకు దీని రుచి తెలియకపోలేదు. జిమ్ రీవ్స్ పాటలు భారతదేశంలో, ముఖ్యంగా ఆంగ్లో ఇండియన్ కుటుంబాలలో, యెంత ప్రీతిపాత్రమో పాత తరం వాళ్లనడగండి. అది అచ్చమైన నాష్‌విల్ సౌండే.

అయితే రీవ్స్ గొంతు పట్టుబట్ట. మైకుకు దగ్గరగా నిలబడి చెవిలో చెప్పినట్లు పాడేవాడు. ఆ గొంతు కింద యెన్ని వయొలిన్లు పరచినా అది మునగదు. టౌన్స్ గొంతు అట్లాంటిది కాదు. సన్నగా, యెండిన కట్టెలాగా వుంటుంది. పాడడం కంటె చెప్పడం యెక్కువ. మాటకూ మాటకూ నడుమ కాస్త ఆగుతాడు. ఆ ఆగడంలో గిటారు తీగలు రెండు మూడు మోగుతాయి, యీలోపల మనకు ముందటి మాట లోపలికి దిగుతుంది.

యిక్కడే నా శాస్త్రం కొంచెం పనికివస్తుంది. స్టూడియోల్లో ప్రతిధ్వని గది అని ఒకటుంటుంది. నున్నని గట్టి గోడల గదిలో ఒక మూల స్పీకరు పెట్టి పాటను మోగిస్తారు, యింకో మూల మైకు పెట్టి ఆ మోతను పట్టి అసలు పాటలో కలుపుతారు. యినుప రేకును మోగించి అదే పని చేసే యంత్రాలూ వున్నాయి. గొంతుకు గాంభీర్యం వస్తుంది, గుడి మంటపంలో పాడినట్లుంటుంది. నష్టం యేమిటంటే, ఒక మాట మోత చల్లారకముందే తర్వాతి మాట వచ్చి దాని మీద పడుతుంది. హల్లులు మెత్తబడతాయి. మౌనం వుండవలసిన చోట మోత వుంటుంది. మౌనం మీద బ్రతికే గాయకుడికి యిది కొద్దిపాటి నష్టం కాదు. మొదటి రికార్డులో యీ మోత ధారాళంగా వుంది. దాని వెనక వంతగొంతులు, డప్పుల మోత, యింకా యేవేవో వాద్యాలు.

తిట్టే పక్షం వాదం యిదే. నేను మొట్టమొదట ఆ పక్షంలోనే వున్నాను, యిప్పటికీ సగం అందులోనే వున్నాను. 'టెకమ్సే వ్యాలీ' అనే పాట వినండి. ఒక గని కార్మికుని కూతురు పని వెతుక్కుంటూ కొండ దిగి వస్తుంది. ఒక సారాకొట్టులో కుదురుకుంటుంది. నాలుగు డబ్బులు కూడబెట్టుకుని తండ్రి దగ్గరకు పోవాలని ఆశ. తండ్రి చనిపోయాడని కబురు వస్తుంది. ఆ పిల్ల వీధిన పడుతుంది, చివరికి శవమై దొరుకుతుంది. అంతే కథ. పత్రికలో నాలుగో పేజీ వార్తంత పొడిగా చెబుతాడు, అందుకే గుండెలో గుచ్చుకుంటుంది. అట్లాంటి వార్త వెనుక వంతగొంతులు పెడితే యేమవుతుంది? మనం యేడవవలసిన చోటు మనకంటె ముందే యెవరో యేడ్చేస్తున్నట్లుంటుంది.

యింకొక సంగతి. ఆ పిల్ల వీధిన పడి యేం చేసిందో టౌన్స్ ఒక మోటు మాటతో నిర్మొహమాటంగా రాశాడు. మొదటి రికార్డులో ఆ మాట తీసేసి, యెవరికీ నొప్పి తగలని మెత్తని మాట వేశారు. మరుసటి ఏడు, 1969లో, తన రెండవ రికార్డు 'అవర్ మదర్ ది మౌంటెన్'లో అదే పాట మళ్లీ పాడి, తన మాటను తాను తిరిగి పెట్టుకున్నాడు. ఒక్క మాట! కాని ఆ ఒక్క మాట లేకపోతే పాటలోని లోకం ఆ పిల్ల పట్ల చేసిన దుర్మార్గం సగం కప్పడిపోతుంది. వాద్యాల గూర్చి యెన్ని అభిప్రాయాలైనా వుండవచ్చు గాని, యీ మార్పును సమర్థించేవాడు నాకింతవరకు తగల్లేదు.

అదే 1969లో వచ్చిన మూడవ రికార్డుకు తన పేరే పెట్టుకున్నాడు. అందులో మొదటి రికార్డు పాటలు నాలుగు మళ్లీ పాడాడు. 'ఫర్ ది సేక్ ఆఫ్ ది సాంగ్', 'వెయిటింగ్ ఎరౌండ్ టు డై', 'ఐల్ బి హియర్ ఇన్ ది మార్నింగ్', 'క్విక్‌సిల్వర్ డేడ్రీమ్స్ ఆఫ్ మరియా'. యీసారి గిటారు ముందుకు వచ్చింది, గొంతు దగ్గరకు వచ్చింది, తోడు వాద్యాలు వున్నా గోడ కానుకుని కూర్చున్నాయి. ఆరవది 'శాడ్ సిండరెల్లా'. అది 1972 రికార్డు దాకా ఆగింది.

తిట్టే పక్షం దీన్ని తీర్పుగా చూపిస్తుంది. పాడినవాడే వద్దనుకున్న దాన్ని మీరెందుకు నెత్తిన పెట్టుకుంటారని వాళ్ల ప్రశ్న. గట్టి ప్రశ్నే. ఐతే మూడవ రికార్డు నిర్మాతలలో జిమ్ మల్లాయ్ కూడా వున్నాడు. మొదటి రికార్డుకు క్లెమెంట్‌తో కలిసి పనిచేసిన మల్లాయే యితడు. కాబట్టి నాష్‌విల్ వాళ్లంతా ఒక వైపు, పాట ఒక వైపు అని కథ కట్టడానికి వీలు లేదు. రెండవ రికార్డులోనూ వయొలిన్లు, పిల్లనగ్రోవి వున్నాయి, దాన్ని మాత్రం యీ తిట్టేవాళ్లే ముద్దు చేస్తారు! అంటే వాద్యాలు వుండడం నేరం కాదన్నమాట. మాటకు దారి యిచ్చాయా లేదా అన్నదే లెక్క.

ఇక మెచ్చుకునే పక్షం. దీనికి మా పెదనాన్నగారి అబ్బాయి ప్రతినిధి. డల్లాస్‌లో వుద్యోగం. టౌన్స్ పుట్టిన ఫోర్ట్ వర్త్ వాళ్లకు పక్క వూరే. ఫోనులో నేను మొదటి రికార్డును చీల్చి చెండాడుతుంటే చివరిదాకా విని, 'ఒరేయ్, నువ్వు హాస్టల్ గదిలో తలుపేసుకుని విన్నావు. నేను పశ్చిమ టెక్సాస్ రోడ్డు మీద రాత్రిపూట కారులో విన్నాను' అన్నాడు. చెట్టు లేదు, చేమ లేదు, యెదురుగా వచ్చే దీపం లేదట. ఆ చోట 'వెయిటింగ్ ఎరౌండ్ టు డై' మొదటి రికార్డు మోతలో వింటే పాత కౌబాయ్ సినిమాలో వురికంబం కనిపించినట్లు వుంటుందన్నాడు. మళ్లీ పాడిన పాట మంచిదేనట, కాని దానికి భయం తక్కువట.

నేను వొప్పుకోలేదు. మరునాడు దీపం తీసేసి విన్నాను. అన్నయ్య మాటలో కొంత నిజం లేకపోలేదు. ఆ పాట ఒక మనిషి తన బ్రతుకంతా వరుసగా చెప్పుకునేది: తండ్రి కొట్టిన దెబ్బలు, వెళ్లిపోయిన తల్లి, మోసం చేసిన ఆడమనిషి, జైలు, చివరకు మత్తుమందు. 'టెకమ్సే వ్యాలీ'లోలాగా చిన్న చిన్న వివరాల మీద నడిచే కథ కాదిది. ఒకే దెబ్బ మళ్లీ మళ్లీ కొట్టడం. అట్లాంటి దానికి మోత తగినంత చేటు చెయ్యదు, ఒక్కొక్కప్పుడు మేలు కూడా చేస్తుంది. పాట పాటకూ తీర్పు మారాలన్న సంగతి నాకు యిక్కడే తట్టింది. రికార్డు మొత్తానికి ఒకే మార్కు వెయ్యడం మన పరీక్షల అలవాటు.

అయినా యీ పాటను యెవరూ యేమీ చెయ్యకుండా వదిలేస్తే యెట్లా వుంటుందో చూడాలంటే 'హార్ట్‌వోర్న్ హైవేస్' అనే డాక్యుమెంటరీ వుంది. 1975-76లో తీశారు, 1981లో విడుదలైంది. అందులో టౌన్స్ తన యింట్లో కూర్చుని యీ పాట పాడతాడు. పక్కన సేమూర్ వాషింగ్టన్ అనే వృద్ధుడు, కమ్మరి పని చేసినవాడు, వింటూ వుంటాడు. పాట నడుస్తుండగా ఆ ముసలాయన చెంపల మీద కన్నీళ్లు జారతాయి. ఆయనకు స్టూడియో గూర్చీ, నిర్మాతల గూర్చీ యే అభిప్రాయమూ లేదు. ఆ దృశ్యం చూశాక ప్రతిధ్వని మీద వ్యాసం రాయడానికి నాకు కొంచెం సిగ్గేసింది, అయినా రాస్తున్నాను.

విన్న వరస కూడా అభిప్రాయాన్ని మారుస్తుంది. మా గదిలో నలుగురం వున్నాం. యిద్దరికి మొదటి రికార్డు ముందు వినిపించి తర్వాత మూడవది వినిపించాను. యిద్దరికి తారుమారు చేశాను. నలుగురితో శాస్త్రం కాదని తెలుసు, మా మాస్టారు వింటే ప్రయోగశాల నుంచి గెంటేస్తారు. కాని జరిగింది చెప్తున్నాను. ముందు గిటారు పాట విన్నవాళ్లకు మొదటి రికార్డు భరించరానిదిగా వుంది. ముందు మోత విన్నవాళ్లకు గిటారు పాట బోసిగా తోచింది, 'రిహార్సలా?' అని అడిగాడొకడు. మన తెలుగు శ్రోతలకు యిది కొత్త కాదు. పొలంలో విన్న పాట సినిమాకెక్కితే పెద్దవాళ్లు పెదవి విరుస్తారు, సినిమాలో ముందు విన్న పిల్లలకు పొలం పాటలో యేదో తక్కువైనట్లుంటుంది. ఈనాడు టౌన్స్ పేరు విని వచ్చే కొత్త శ్రోతల్లో చాలామంది ముందుగా వినేది 1973 జూలైలో హ్యూస్టన్‌లోని ఓల్డ్ క్వార్టర్ అనే చిన్న క్లబ్బులో పట్టి, 1977లో విడుదల చేసిన కచేరీ రికార్డును. ఒక గొంతు, ఒక గిటారు, చుట్టూ జనం. అక్కడనుంచి వెనక్కు నడిచి 1968కి వస్తే వాళ్లకు మతి పోవడం సహజం. 1968లోనే, ముందూ వెనకా యేమీ లేకుండా విన్నవాడి చెవి వేరు.

మూడవ అభిప్రాయం మా యింగ్లీషు మాస్టారుది. ఆయనతో మాట్లాడేదాకా నాకది తోచలేదు. రెండు పక్షాలనూ విని ఆయన, 'అంతా బట్టల గురించే మాట్లాడుతున్నారేమిటయ్యా? లోపలి మనిషిని చూశారా?' అన్నారు. ఆయన చెప్పినదేమంటే, ఆ కుర్రవాడికి యిరవై దాటిన కొత్తల్లో పుస్తకాల మీది మోజు కొన్ని పాటలకు అంటుకుంది. 'ది వెల్వెట్ వాయిసెస్', 'ఆల్ యువర్ యంగ్ సర్వెంట్స్' వంటివి మాటలతోనే అలంకారం యెక్కువై వంగిపోయాయి. వాటికి వంతగొంతులు తీసేసినా నిలబడవు. 'అతను వేటిని మళ్లీ పాడాడో మీరు లెక్కపెట్టారు. వేటిని పాడలేదో చూడండి' అన్నారు.

చూశాను. 1969 నుంచి 1972 దాకా వచ్చిన స్టూడియో రికార్డుల్లో ఆ రెండూ మళ్లీ కనబడవు. అంటే తర్వాతి రికార్డులు రెండు తీర్పులన్నమాట. కొన్ని పాటలను దుస్తుల నుంచి విడిపించాడు. కొన్నిటిని దుస్తులతోనే వదిలేశాడు. తప్పంతా నిర్మాతది అనేవాళ్లకు యీ రెండవ సంగతి మింగుడు పడదు. మాస్టారు అభిప్రాయం నాకు నచ్చింది గాని ఆయన తీర్పులో కొంచెం కటువుంది. పెన్ను పట్టిన కొత్తలో మనలో యెవరం 'వెన్నెల', 'విషాదం' లేకుండా నాలుగు పంక్తులు రాశాం? యీ సంచికే తిరగేయండి!

ఆరింటిలో నా లెక్క యిది. 'టెకమ్సే వ్యాలీ'కి మొదటి రికార్డు ద్రోహం చేసింది, మాటలోనూ మోతలోనూ. 'ఐల్ బి హియర్ ఇన్ ది మార్నింగ్' తేలికైన ప్రేమపాట, యెట్లా పాడినా నడిచిపోతుంది. 'వెయిటింగ్ ఎరౌండ్ టు డై' విషయంలో అన్నయ్యకు సగం మార్కులు యిస్తాను. పేరు పెట్టిన పాట, 'ఫర్ ది సేక్ ఆఫ్ ది సాంగ్', తనను ప్రేమించే స్త్రీ బాధను అర్థం చేసుకోలేక, అర్థమైనట్లు నటించలేక, తనలో తాను వాదించుకునే మనిషి పాట. వాదన వినబడాలంటే గొంతు దగ్గరుండాలి. మూడవ రికార్డే దానికి యిల్లు. 'మరియా', 'సిండరెల్లా' పాటల్లో నాకు పెద్ద పట్టింపు లేదు.

టౌన్స్ పాటకు వాద్యాలు పనికిరావని మాత్రం అనలేం. అతని 'పాంచో అండ్ లెఫ్టీ'ని విల్లీ నెల్సన్, మెర్ల్ హాగర్డ్ కలిసి నిండు వాద్యబృందంతో పాడగా 1983లో అది అమెరికా కంట్రీ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. అతని పాటల్లో దేశమంతా యెరిగినది అదే. అతని గొంతులో 1972లో వచ్చిన అసలు పాటను విన్నవాళ్లు దానిలో వందో వంతు వుండరేమో.

కొత్తగా వినదలచిన మిత్రులు ఓల్డ్ క్వార్టర్ కచేరీతో కాకుండా, పనిగట్టుకుని 1968 రికార్డుతోనే మొదలుపెట్టి చూడండి. తర్వాత 1969 రెండు రికార్డులూ వినండి. అప్పుడు మీ చెవి యే పక్షమో మీకే తెలుస్తుంది. ఒక్క 'మెనీ ఎ ఫైన్ లేడీ' దగ్గర మాత్రం చిక్కు వస్తుంది. దాన్నీ అతను ఆ తర్వాతి రికార్డుల్లో మళ్లీ పాడలేదు. మోత కింద మంచి పాట వుందని నేను, లేదని మా రూమ్మేటు. ఆ పాట దగ్గర మా గదిలో తగువు యింకా తెగలేదు.